పుదీనా, చాక్లెట్, మీగడ: ఇంట్లోనే గ్రాస్‌హాపర్ కాక్‌టెయిల్ చేసుకునే పద్ధతి

భోజనం ముగిశాక ఐస్‌క్రీమ్‌కు బదులుగా చిన్న గాజు గ్లాసులో అందించే కాక్‌టెయిళ్లలో లేత ఆకుపచ్చ రంగుతో కనిపించే గ్రాస్‌హాపర్ బాగా పేరున్నది. రంగును బట్టే దానికి మిడత పేరు వచ్చింది. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో, ఫ్రెంచ్ క్వార్టర్ అనే పాత పేటలో, 1856 నుంచి నడుస్తున్న టూజాక్స్ అనే రెస్టారెంటు దీనికి పుట్టిల్లు. ఆ రెస్టారెంటు యజమాని ఫిలిబర్ట్ గిషే న్యూయార్క్‌లో జరిగిన ఒక పోటీ కోసం దీన్ని తయారు చేశాడనీ, దానికి రెండో బహుమతి వచ్చిందనీ అక్కడివారు చెప్పుకుంటారు. అమెరికాలో 1920లో మొదలైన మద్యనిషేధానికి కాస్త ముందు జరిగిన సంగతిగా దీన్ని చెబుతారు. అయితే ఇది దేశమంతటా ఇళ్లలోకి చేరింది మాత్రం 1950లు, 1960లలోనే.

దీని తయారీలో పెద్ద నైపుణ్యం అవసరం లేదు. మూడు ద్రవాలను సమానంగా కొలిచి, ఐస్‌తో గట్టిగా కుదిపి, వడగట్టడమే మొత్తం పని. అయినా ఇళ్లలో చేసినప్పుడు ఇది తరచుగా పానకంలా తీయగానో, నీళ్లపాలలా పలచగానో తయారవుతుంది. దానికి కారణం సాధారణంగా సీసాల నాణ్యత కాదు. క్రీమ్‌లో కొవ్వు తక్కువ కావడం, పదార్థాలు తగినంత చల్లగా లేకపోవడం, కొలత పాటించకుండా కంటి అంచనాతో పోయడం అనే మూడే దీన్ని పాడు చేస్తాయి. అందువల్ల ఈ పద్ధతిలో ఎక్కువ శ్రద్ధ వాటిపైనే పెట్టాను.

కావలసిన పదార్థాలు

ఒక గ్లాసుకు 30 మి.లీ. ఆకుపచ్చ క్రెమ్ డి మెంత్, 30 మి.లీ. తెల్ల క్రెమ్ డి కకావో, 30 మి.లీ. చిక్కటి క్రీమ్, చిటికెలో సగం ఉప్పు, షేకర్‌ను (పానీయాలను కుదిపి కలిపే మూత ఉన్న పాత్రను) మూడు వంతులు నింపేంత ఐస్, పైన తురమడానికి కొద్దిగా డార్క్ చాక్లెట్ కావాలి. ఇష్టమైతే 10 మి.లీ. బ్రాందీ కూడా సిద్ధంగా ఉంచుకోండి. దాన్ని ఎలా వాడాలో తర్వాత చెబుతాను.

క్రెమ్ డి మెంత్ అంటే పుదీనా రుచి గల తీపి లిక్యూర్ (చక్కెర, రుచులు కలిపిన మద్యం), క్రెమ్ డి కకావో అంటే కోకో గింజల రుచి గల తీపి లిక్యూర్. ఈ రెండు సీసాలలోనూ పాలు గాని మీగడ గాని ఉండవు. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం ఇలాంటి పేరు పెట్టుకునే లిక్యూర్‌లో లీటరుకు కనీసం 250 గ్రాముల చక్కెర ఉండాలి. అంటే ఒక గ్లాసులో మనం పోసే 60 మి.లీ. లిక్యూర్‌లోనే దాదాపు 15 గ్రాముల చక్కెర, అంటే మూడు నాలుగు చెంచాల చక్కెర చేరిపోతుంది. ఇది తెలిశాక చాక్లెట్ సిరప్‌నో కండెన్స్‌డ్ మిల్క్‌నో అదనంగా కలపాలన్న ఆలోచన ఎవరికీ రాదు. గ్లాసు లోపలి గోడల మీద చాక్లెట్ సిరప్‌తో గీతలు గీయడం ఫొటోకు బాగుంటుంది గాని, రుచికి అది భారమే.

సీసాలు కొనేటప్పుడు రంగు చూసుకోవాలి. క్రెమ్ డి మెంత్ ఆకుపచ్చగానూ, రంగు లేకుండానూ రెండు రకాలుగా దొరుకుతుంది. రుచిలో పెద్ద తేడా ఉండదు గాని, ఈ పానీయానికి ఆ రంగు రావాలంటే ఆకుపచ్చదే కావాలి. క్రెమ్ డి కకావోలో మాత్రం తెల్లది, అంటే రంగు లేనిది ఎంచుకోవాలి. ముదురు గోధుమ రంగు రకం వాడితే రుచి చెడదు, కానీ ఆకుపచ్చ, గోధుమ రంగులు కలిసి గ్లాసులో బురదనీటిలా కనిపిస్తాయి. ఈ లిక్యూర్లలో మద్యం సాధారణంగా 24, 25 శాతం దగ్గర ఉంటుంది. ఇంకా తక్కువ శాతం ఉన్న చౌకరకాలు కూడా ఉన్నాయి కనుక, కొనే ముందు సీసా మీద ఉన్న అంకె చదవండి.

క్రీమ్ విషయంలో

ఈ పానీయంలో మూడో వంతు క్రీమే కాబట్టి దాన్ని తేలికగా తీసుకోకూడదు. అమెరికాలో ఉన్నవారు హెవీ క్రీమ్ వాడాలి. అక్కడ ఆ పేరుతో అమ్మేదానిలో కొవ్వు 36 శాతానికి తగ్గకూడదు. కాఫీలో పోసుకునే హాఫ్ అండ్ హాఫ్ పలచనిది, కొవ్వు 18 శాతానికి మించదు కాబట్టి పానీయానికి చిక్కదనం ఇవ్వలేదు. మన దేశంలో టెట్రా ప్యాక్‌లలో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో సాధారణంగా 25 శాతం కొవ్వు ఉంటుంది. అది కూడా పనికివస్తుంది గాని, వాడే ముందు ప్యాక్‌ను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, తెరిచాక అడుగున చేరిన నీటి భాగాన్ని విడిచిపెట్టి పై భాగాన్ని మాత్రమే తీసుకుంటే చిక్కదనం పెరుగుతుంది. పెద్ద నగరాల దుకాణాల్లో 35 శాతం కొవ్వున్న డెయిరీ విప్పింగ్ క్రీమ్ దొరికితే అదే మేలు. కేకుల మీద అలంకరణకు బేకరీవారు వాడే వెజిటబుల్ క్రీమ్ మాత్రం వద్దు. అందులో చాలావరకు ముందే చక్కెర కలిపి ఉంటుంది, నూనె రుచి నాలుకకు పట్టుకుంటుంది.

పాలు కాచి తీసిన ఇంటి మీగడ ఉండగా క్రీమ్ కొనడం ఎందుకని అడగవచ్చు. కాచిన పాల మీగడలో తరకలు ఉంటాయి, అవి వడపోతలో నిలిచిపోతాయి. పైగా చల్లటి మీగడను షేకర్‌లో గట్టిగా కుదిపితే జరిగేది కవ్వంతో చిలికినప్పుడు జరిగేదే, వెన్న పూసలు తేలుతాయి. కాబట్టి ఇంటి మీగడను నెయ్యికి ఉంచుకోవడమే మంచిది.

మద్యంతో కలిస్తే క్రీమ్ విరిగిపోదా అన్న సందేహం కూడా చాలామందికి వస్తుంది. క్రీమ్‌ను విరగగొట్టేది ముఖ్యంగా పులుపు. ఈ రెండు లిక్యూర్లలోనూ చెప్పుకోదగిన పులుపు లేదు, చక్కెర ఎక్కువ, మద్యం మితంగా ఉంటుంది, కాబట్టి తాజా క్రీమ్ విరగదు. విరిగిందంటే క్రీమ్ అప్పటికే పులిసిందని అర్థం. ఇదే కారణం వల్ల నిమ్మచెక్కతో గ్లాసు అంచు తడపడం, నిమ్మ తొక్కతో అలంకరించడం వంటి అలవాట్లను ఇక్కడ పక్కన పెట్టాలి.

తయారీ

మొదట గ్లాసును చల్లబరచండి. వెడల్పు మూతి ఉన్న కూప్ గ్లాసు గాని, మార్టిని గ్లాసు గాని, 150 మి.లీ. పట్టేది తీసుకుని, కనీసం పదిహేను నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టాలి. ఈ పానీయాన్ని గ్లాసులో ఐస్ లేకుండా ఇస్తారు కాబట్టి, చివరి గుక్క వరకు చల్లదనం నిలవడానికి గ్లాసే ఆధారం. హైదరాబాద్, విజయవాడ ఎండలలో గది వేడిలో ఉన్న గ్లాసులో పోస్తే అయిదు నిమిషాలకే పానీయం గోరువెచ్చని తీపి పాలుగా మారుతుంది. రెండు లిక్యూర్ సీసాలను కూడా ముందు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టుకుంటే కుదిపేటప్పుడు ఐస్ తక్కువ కరుగుతుంది, పానీయం తక్కువ పలచబడుతుంది.

తరువాత షేకర్‌లో క్రెమ్ డి మెంత్, క్రెమ్ డి కకావో, క్రీమ్, ఉప్పు ఈ వరుసలో పోయండి. కొలత కోసం జిగ్గర్ అనే చిన్న కొలపాత్ర వాడండి. అది లేకపోతే దగ్గు మందు సీసాలతో వచ్చే మి.లీ. గీతలున్న చిన్న ప్లాస్టిక్ కప్పును శుభ్రంగా కడిగి వాడుకోవచ్చు. పుదీనా లిక్యూర్ విషయంలో చేయి జారకూడదు. అది 5 మి.లీ. ఎక్కువైనా కోకో రుచి పూర్తిగా మరుగున పడిపోయి, టూత్‌పేస్ట్ నాకినట్టు ఉంటుంది. ఉప్పు ఇక్కడ ఉప్పదనం కోసం కాదు, తీపి మొహం మొత్తకుండా కోకో రుచిని కాస్త పైకి తేవడానికి. పాత పద్ధతుల్లో ఉప్పు కనిపించదు, అది నా చేర్పు.

ఐస్ అన్నిటికన్నా చివర వేయాలి. ముందే వేస్తే మీరు కొలుస్తున్నంతసేపూ అది కరుగుతూనే ఉంటుంది. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన పెద్ద, పొడి ముక్కలు కావాలి. బయట కొని తెచ్చి గిన్నెలో ఉంచిన, పైన నీరు తేలుతున్న చిన్న ముక్కలు వాడితే పానీయం పలచబడుతుంది. మూత గట్టిగా బిగించి, రెండు చేతులతో పట్టుకుని, పన్నెండు నుంచి పదిహేను సెకన్ల పాటు బలంగా కుదపండి. క్రీమ్ ఉన్న పానీయాన్ని గరిటెతో కలిపితే చాలదు. కుదపడం వల్లనే క్రీమ్‌లోకి సన్నటి గాలి బుడగలు చేరి పానీయం నురగగా, పట్టులా వస్తుంది. షేకర్ బయటి గోడలపై మంచు పేరుకుని చేతులు నొప్పి పుట్టేంత చల్లబడితే సరిపోయినట్టే. ఇరవై అయిదు, ముప్పై సెకన్లు కుదిపితే ఇంకా బాగుంటుందనుకోవద్దు, అప్పటికి నీరు ఎక్కువవుతుంది.

షేకర్ లేనివారు వెడల్పు మూతి ఉన్న స్టీలు నీళ్ల సీసా వాడుకోవచ్చు. గాజు సీసాలో ఐస్ వేసి కుదపడం ప్రమాదం, అది పగలవచ్చు.

కుదపడం ఆపిన వెంటనే ఫ్రీజర్‌లోని గ్లాసు తీసి, షేకర్ జాలీతో పాటు టీ వడగట్టే సన్నటి జల్లెడను కూడా అడ్డుపెట్టి పానీయాన్ని పోయండి. ఇలా రెండుసార్లు వడగట్టడం వల్ల పగిలిన ఐస్ పలుకులు గ్లాసులోకి రావు. 90 మి.లీ. ద్రవాలకు కరిగిన ఐస్ నీరు కూడా తోడై, గ్లాసులోకి దాదాపు 110 నుంచి 120 మి.లీ. పానీయం వస్తుంది. చివరగా, ఫ్రిజ్‌లో పెట్టిన డార్క్ చాక్లెట్‌ను సన్నటి తురుముపీటతో నేరుగా గ్లాసు మీదనే తురమండి. చాక్లెట్‌లో కోకో 70 శాతం ఉన్నదయితే దాని చేదు తీపిని అదుపు చేస్తుంది. చాక్లెట్ బదులు కాస్త జాజికాయ తురుము వేసినా బాగుంటుంది. పుదీనా ఆకు పెట్టదలిస్తే లేత చిగురు తీసుకుని, అరచేతుల మధ్య ఒక్కసారి తట్టి, నురగ మీద ఉంచండి. ఆకును నలిపితే పసరు వాసన వస్తుంది.

ఇప్పుడు బ్రాందీ సంగతి. న్యూ ఆర్లియన్స్‌లోని ఆ పాత రెస్టారెంటులో ఈ పానీయం మీద కొద్దిగా బ్రాందీ తేల్చి ఇచ్చే అలవాటు ఉంది. గ్లాసులోని పానీయానికి దగ్గరగా చెంచాను బోర్లించి పట్టుకుని, దాని వీపు మీదుగా 10 మి.లీ. బ్రాందీని నెమ్మదిగా జారవిడిస్తే అది పైన నిలుస్తుంది. చక్కెర, క్రీమ్ ఉన్న పానీయం కన్నా 40 శాతం మద్యం ఉన్న బ్రాందీ తేలిక కావడం వల్లనే అది మునగదు. నా దృష్టిలో ఈ చిన్న చేర్పే దీన్ని పిల్లల మిఠాయి స్థాయి నుంచి పెద్దల పానీయంగా మారుస్తుంది. మొదటి గుక్కలో బ్రాందీ ఘాటు, దాని వెనకే చల్లటి క్రీమ్ వస్తాయి. అయితే బ్రాందీ తేల్చినప్పుడు చాక్లెట్ తురుము తగ్గించండి.

ఐస్‌క్రీమ్‌తో చేసే తీరు

అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాలలో, ముఖ్యంగా పాడి పరిశ్రమకు పేరుపొందిన విస్కాన్సిన్‌లో, సప్పర్ క్లబ్బులనే భోజనశాలలు ఈ పానీయాన్ని తమ తీరుకు మార్చుకున్నాయి. అక్కడ క్రీమ్ బదులు వనిల్లా ఐస్‌క్రీమ్ వేసి బ్లెండర్‌లో తిప్పి ఇస్తారు. ఇద్దరికి చేయాలంటే రెండు లిక్యూర్లూ 60 మి.లీ. చొప్పున, 300 గ్రాముల మంచి వనిల్లా ఐస్‌క్రీమ్ మిక్సీ జార్‌లో వేసి, ఆగి ఆగి మూడు నాలుగు సార్లు మాత్రమే తిప్పాలి. ఐస్ ముక్కలు వేయకూడదు. మిక్సీ వేడికి ఐస్‌క్రీమ్ తొందరగా కరుగుతుంది కాబట్టి జార్‌ను కూడా ముందే ఫ్రిజ్‌లో పెట్టడం మంచిది. ఇక్కడ ఫ్రోజెన్ డెజర్ట్ అని రాసి ఉన్న డబ్బాలు కాకుండా, పాల కొవ్వుతో చేసిన అసలు ఐస్‌క్రీమ్ వాడండి. ఇది తాగడానికి చాలా సులువుగా ఉంటుంది, అదే దీనిలోని చిక్కు కూడా.

లిక్యూర్ సీసాలు దొరకనప్పుడు

ఈ రెండు సీసాలు మన ఊళ్లలో ప్రతి దుకాణంలోనూ ఉండవు. అలాంటప్పుడు కొన్న వోడ్కాలో రుచులను నానబెట్టి దగ్గరి రుచి తెచ్చుకోవచ్చు. కోకో కోసం 75 గ్రాముల వేయించిన కోకో నిబ్స్‌ను, అంటే పొట్టు తీసి పలుకులుగా చేసిన కోకో గింజలను, 300 మి.లీ. వోడ్కాలో వేసి మూత బిగించి, చీకటి అలమరలో వారం రోజులు ఉంచి, రోజుకొకసారి కదిలించండి. ఆంధ్రప్రదేశ్‌లో పాత పశ్చిమ గోదావరి జిల్లా ప్రాంతంలో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల మధ్య అంతర పంటగా కోకో విస్తారంగా పండుతుంది. ఆ ప్రాంతపు గింజలతో చేసిన నిబ్స్ ఇప్పుడు చాక్లెట్ తయారీదారుల దగ్గర దొరుకుతున్నాయి. వారం తరువాత కాఫీ ఫిల్టర్ కాగితంతో వడగట్టి, 100 మి.లీ. నీటిలో 150 గ్రాముల చక్కెర కరిగించి చల్లార్చిన పాకాన్ని, నాలుగు చుక్కల వనిల్లాను కలపండి. ఇది సుమారు 23 శాతం మద్యంతో, కొన్న సీసాకు దగ్గరగా వస్తుంది. రంగు మాత్రం గోధుమ రంగే ఉంటుంది.

పుదీనాది కాస్త జాగ్రత్తగా చేయాలి. మనం పచ్చడికి, బిర్యానీకి వాడే పుదీనా, ఆ లిక్యూర్లలో ఉండే పెప్పర్‌మింట్ ఒకటి కావు. మన ఆకులో ప్రధాన పరిమళం కార్వోన్ అనే రసాయనానిది. పెప్పర్‌మింట్‌లో మెంథాల్ ఎక్కువ. నోటిలో చలిని గుర్తించే నాడులను మెంథాల్ ప్రేరేపించడం వల్లే ఆ చల్లదనం తెలుస్తుంది. అందుచేత ఆకులు మాత్రమే నానబెడితే పచ్చడి వాసన వస్తుంది తప్ప ఆ చల్లదనం రాదు. 300 మి.లీ. వోడ్కాలో 40 గ్రాముల కడిగి పూర్తిగా ఆరబెట్టిన ఆకులు వేసి, పది పన్నెండు గంటలకే వడగట్టండి. అంతకు మించితే పసరు చేదు దిగుతుంది. పైన చెప్పిన కొలతలోనే పాకం కలిపి, బేకింగ్ సామాను అమ్మే దుకాణాల్లో దొరికే పెప్పర్‌మింట్ ఎసెన్స్‌ను ఒక్కో చుక్క వేస్తూ రుచి చూడండి. ఆహారానికి పనికివస్తుందని సీసా మీద రాసి ఉన్నదే వాడాలి. ఆవిరి పట్టడానికీ, ఒంటికి రాసుకోవడానికీ అమ్మే నూనెలు ఇందులో వేయకూడదు. ఆకుల పచ్చదనం ఒకటి రెండు రోజుల్లో మట్టిరంగుకు తిరుగుతుంది. అది సహజమే, రంగు కావాలంటే ఒక చుక్క ఆహారపు రంగు చాలు.

ఎందరికో చేయవలసి వచ్చినప్పుడు

ఆరుగురికి ఇవ్వాలంటే రెండు లిక్యూర్లను 180 మి.లీ. చొప్పున ఒకే సీసాలో ముందుగా కలిపి ఫ్రిజ్‌లో ఉంచుకోండి. క్రీమ్‌ను మాత్రం అప్పటికప్పుడే కలపాలి. 120 మి.లీ. లిక్యూర్ మిశ్రమానికి 60 మి.లీ. క్రీమ్ చొప్పున, ఒక విడతకు రెండు గ్లాసుల కన్నా ఎక్కువ చేయకండి. షేకర్ నిండిపోతే లోపల కదలడానికి చోటు ఉండదు, నురగ రాదు. పోసిన వెంటనే గ్లాసులు అందించాలి, పదిహేను నిమిషాలు బల్ల మీద ఉంటే క్రీమ్ పైకి, నీరు కిందికి విడిపోవడం మొదలవుతుంది.

మద్యం తీసుకోనివారికీ ఒక గ్లాసు చేయవచ్చు. 20 మి.లీ. పుదీనా సిరప్, 60 మి.లీ. చల్లటి పాలు, 40 మి.లీ. క్రీమ్, ఒక చెంచా కోకో పొడి కలిపి ఇదే విధంగా కుదిపితే చాలు. కోకో పొడిని ముందు కొద్దిపాటి వేడి పాలలో ఉండలు లేకుండా కలిపి చల్లార్చుకోవాలి. దీన్ని తప్పనిసరిగా వేరే ఆకారపు గ్లాసులో ఇవ్వండి. మద్యం ఉన్న పానీయం చూడటానికి అచ్చం మిల్క్‌షేక్‌లా ఉంటుంది, పిల్లలు తిరిగే ఇంట్లో రెండూ ఒకే రకం గ్లాసుల్లో పక్కపక్కన ఉండటం ఎంతమాత్రం మంచిది కాదు. మొదటి పద్ధతిలో చేసిన ఒక్కో గ్లాసులో 11 గ్రాముల పైచిలుకు మద్యం ఉంటుంది, బ్రాందీ తేలిస్తే అది 14 గ్రాములు దాటుతుంది. తీపి వల్ల ఆ సంగతి నాలుకకు తెలియదు. కాబట్టి ఒకరికి ఒక గ్లాసు అని ముందే నిర్ణయించుకోండి, బండి నడపవలసినవారికి మద్యం లేనిదే ఇవ్వండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనూ, అమెరికాలోనూ మద్యం తీసుకోవడానికి కనీస వయసు 21 ఏళ్లు.

మిగిలిన లిక్యూర్ సీసాలు మూత బిగించి ఉంచితే చాలాకాలం చెడవు. మూత దగ్గర చక్కెర గట్టిపడి తెరుచుకోవడం కష్టమవుతుంది కనుక, వాడిన ప్రతిసారీ సీసా మూతిని తడి గుడ్డతో తుడవండి. తెరిచిన క్రీమ్‌ను ఫ్రిజ్‌లో ఉంచి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. పుదీనా లిక్యూర్ పక్కన పెట్టి, దాని స్థానంలో అంతే బ్రాందీ పోసి ఇదే తీరుగా కుదిపితే బ్రాందీ అలెగ్జాండర్ అనే మరో పాత కాక్‌టెయిల్ తయారవుతుంది. దాని మీద చాక్లెట్‌కు బదులు జాజికాయ తురుముతారు. పుదీనా లిక్యూర్‌ను ఇంకేమీ చేయకుండా ఒక చెంచాడు తీసుకుని వనిల్లా ఐస్‌క్రీమ్ మీద పోసుకున్నా సరిపోతుంది.